సీనియర్ ఊళ్లో లేని రోజు కూడా నడిచే లాయర్ ఆఫీసు: కట్టుకునే పద్ధతి

జిల్లా కేంద్రంలో పేరున్న లాయర్ ఆఫీసు అంటే ఒక సీనియర్, నలుగురైదుగురు జూనియర్లు, ఏళ్ల తరబడి ఉంటున్న గుమాస్తా, ఒక టైపిస్టు, మూడు నాలుగు వందల కేసు కట్టలు. ఏ దావా ఏ దశలో ఉందో సీనియర్‌కి నోటికి వచ్చు. అది ఆయన గొప్పతనమే, కానీ ఆఫీసుకి ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆయన హైకోర్టు పని మీద అమరావతికో హైదరాబాదుకో వెళ్లినా, జ్వరంతో పడుకున్నా జూనియర్ బెంచి ముందు నిలబడి "సీనియర్ గారు లేరు, టైం ఇప్పించండి" అంటాడు. ఇదే మాట మూడో వాయిదాలో కూడా చెబితే సాక్ష్యం క్లోజ్ అయిపోతుంది.

వాదన చేతకాక పోయే కేసులు తక్కువ. పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారేచోట చెప్పాల్సినది చెప్పక, రాయాల్సినది రాయక పోయేవే ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో నాయకత్వం గురించి పెద్ద మాటలు లేవు. పని చేతులు మారే ఒక్కో చోటును ఎలా గట్టి చేసుకోవాలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టుల్లో ముగ్గురు నుంచి పదిమంది దాకా ఉన్న ఆఫీసులకు ఇది సరిపోతుంది. మొత్తం అమలుకి మూడు నెలలు పెట్టుకోండి. మొదటి రెండు అడుగులు మాత్రం ఈ నెలలోనే పడాలి.

మొదటి అడుగు: కట్టలన్నీ కిందికి దించండి

రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చేలా చూసుకుని బీరువాల్లోని కట్టలన్నీ నేల మీదికి దించండి. ఒకరు కట్ట విప్పి చదవాలి, ఇంకొకరు కంప్యూటర్‌లో ఎక్కించాలి. గంటకు ఇరవై కట్టలు అవుతాయనుకుంటే మూడు వందలకు పదిహేను గంటలు పడుతుంది. ఒక్కో కట్టకి కోర్టు పేరు, కేసు నంబరు, ఈ-కోర్ట్స్‌లోని పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (కోర్టుల వెబ్‌సైట్‌లో ఆ కేసుకి గుర్తు), మనం ఎవరి తరఫు, అవతలి లాయరు, ప్రస్తుత దశ, తర్వాతి వాయిదా, ఆ రోజు జరగాల్సిన పని, బాధ్యుడైన జూనియర్, పార్టీ (మన క్లయింటు) ఫోన్ నంబరు, మాట్లాడుకున్న ఫీజు, అందిన ఫీజు రాయండి. బాధ్యుడి గడిలో ఒకే పేరు ఉండాలి. ఇద్దరి పేర్లు రాసిన కట్టను ఇద్దరూ ముట్టుకోరు.

సీఎన్ఆర్ నంబరు కొట్టి చూస్తున్నప్పుడు గుండె ఝల్లుమనే కట్టలు కొన్ని తప్పకుండా బయటపడతాయి. ఎప్పుడో డిఫాల్ట్‌లో (హాజరు కానందుకు) కొట్టేసిన దావా, ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది లేకుండానే తీర్పు) అయిపోయిన కేసు, పార్టీ చనిపోయి వారసులను చేర్చని అప్పీలు. వీటిని విడిగా పెట్టి సోమవారమే పని మొదలెట్టండి. డిఫాల్ట్‌లో పోయిన దావాను తిరిగి తెరిపించడానికి కొట్టేసిన తేదీ నుంచి 30 రోజులు. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకి కూడా 30 రోజులే, సమన్లు సరిగా అందకపోతే మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. వారసులను చేర్చడానికి మరణం నుంచి 90 రోజులు, అది దాటి అబేట్ అయితే (కేసు దానంతటదే ముగిసిపోతే) రద్దు చేయించుకోవడానికి మరో 60. ఇవీ దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మాఫీ పిటిషన్ వేయాలి. అందులో నిజం రాయండి. లాయరు తప్పుకి పార్టీని శిక్షించకూడదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో చెప్పింది. తప్పు ఆఫీసుదైతే ఆఫీసే అఫిడవిట్ ఇవ్వాలి. పార్టీకి లేని జబ్బు అంటగట్టకూడదు.

రెండో అడుగు: ఒక డైరీ చాలదు

వాయిదాల డైరీ అందరికీ ఉంటుంది. గడువుల డైరీ చాలామందికి ఉండదు. వాయిదా అంటే కోర్టు ఇచ్చిన తేదీ, అది మర్చిపోతే ఎవరో ఒకరు పిలుస్తారు. గడువు అంటే చట్టం పెట్టిన తేదీ. దాన్ని మర్చిపోతే ఎవరూ పిలవరు.

గడువుల డైరీలో ప్రతి ఆఖరి తేదీకీ ముందు రెండు చోట్ల గుర్తు పడాలి, పది రోజుల ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఒకటి. ఎక్కువగా దెబ్బతినేవి ఇవి:

- చెక్కు బౌన్స్: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు. ఆ 15 రోజులూ అయ్యాక నెలలోపు ఫిర్యాదు. ఫిర్యాదులో ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కోర్టు మాఫీ చేయగలదు, నోటీసు ఆలస్యానికి ఆ వీలు లేదు. చెక్కు చెల్లుబాటు గడువు మిగిలుంటే మళ్లీ బ్యాంకులో వేసుకోవడమే దారి. జూనియర్లు చేసే మామూలు పొరపాటు నోటీసు పంపిన తేదీ నుంచి 15 రోజులు లెక్కపెట్టడం. అందిన తేదీ కావాలి, అందుకే పోస్టల్ ట్రాకింగ్ కాగితం ఆ రోజే ప్రింటు తీసి కట్టలో పెట్టాలి.
- రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకి ప్రతివాది ఇచ్చే రాతపూర్వక జవాబు): మామూలు దావాలో 30 రోజులు, కోర్టు అనుమతితో 90 దాకా. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే హక్కే పోతుంది, ఏ కారణమూ పనికిరాదు.
- మామూలు సివిల్ దావాలో అప్పీలు: జిల్లా కోర్టుకి 30 రోజులు, హైకోర్టుకి 90.
- ఆర్బిట్రేషన్ అవార్డు రద్దుకి: 3 నెలలు, ఆపైన 30 రోజులు, అంతే.
- వినియోగదారుల కమిషన్‌లో జవాబు: 30 రోజులు, ఇంకో 15.

తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించండి. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ రెడీ అయ్యేదాకా పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. రెడీ అయ్యాక తెచ్చుకోకుండా వదిలేసిన రోజులు మాత్రం మీ లెక్కలోనే పడతాయి. ఈ తేడా గుమాస్తాకి తెలిసినంత బాగా కొత్త జూనియర్‌కి తెలియదు.

దీంతోపాటు రిటర్న్‌ల పుస్తకం ఒకటి కావాలి. ఎస్.ఆర్. నంబరు దశలో (అసలు కేసు నంబరు పడకముందు) కోర్టు ఆఫీసు అబ్జెక్షన్లతో వెనక్కి వచ్చిన ప్లెయింట్లు (దావా పత్రాలు) గుమాస్తా సంచిలో వారాలు వారాలు ఉండిపోతాయి. పార్టీ మాత్రం దావా పడిందనే అనుకుంటుంటాడు. వెనక్కి వచ్చిన తేదీ, అబ్జెక్షన్ ఏమిటి, ఎన్ని రోజుల్లో తిరిగి వేయాలి, ఎవరు సరిచేస్తారు, ఈ నాలుగూ రాస్తే చాలు.

ఇక వాయిదా రాసే తీరు. చాలా డైరీల్లో "28-7కి పడింది" అని మాత్రమే ఉంటుంది. దాన్ని బట్టి మరుసటి వాయిదాకి వెళ్లే మనిషికి ఏమీ తెలియదు. ఇలా రాయించండి: "పీడబ్ల్యూ-1 క్రాస్‌కి ఉంది. మనమే టైం అడిగాం. ఇదే ఆఖరి అవకాశం అన్నారు. బి-4 ఒరిజినల్ పార్టీ దగ్గర ఉంది, 25లోపు తెప్పించాలి. 28-7." పీడబ్ల్యూ-1 అంటే వాది మొదటి సాక్షి, క్రాస్ అంటే అవతలి సాక్షిని ప్రశ్నించడం, బి-4 అంటే ప్రతివాది పత్రాల్లో నాలుగోది. ఇలా రాయడం నిమిషం పని. కోర్టుకి వెళ్లిన మనిషే, ఆ సాయంత్రం ఆరింటిలోపు రాయాలి. రాత్రి వేరొకరు ఈ-కోర్ట్స్‌లో తేదీ సరిచూసి పొట్టి సంతకం చేయాలి. కాల్ వర్క్ (కేసులు వరసగా పిలిచి తేదీలు వేసే సమయం) గోలలో చెవినపడ్డ తేదీ తప్పయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మూడో అడుగు: పని అప్పగించడం నేర్చుకోండి

"ఈ ఫైలు చూడవయ్యా" అనడం పని అప్పగించడం కాదు. జూనియర్ చూస్తాడు, చదువుతాడు, వారం తర్వాత "చూశాను సార్" అంటాడు. ఏ కాగితం కావాలి, ఎప్పటికి కావాలి, సుమారు ఎన్ని గంటలు పెట్టాలి, ఇందులో చిక్కు ఎక్కడుంది, మధ్యలో ఏ దశలో వచ్చి చూపించాలి, ఈ ఐదూ చెప్పినప్పుడే అప్పగించినట్టు. చిక్కు ఎక్కడుందో చెప్పడమే అన్నిటికంటే ముఖ్యం. ముప్ఫై ఏళ్ల అనుభవం చేతులు మారేది ఆ ఒక్క వాక్యంలోనే.

రిటెన్ స్టేట్‌మెంట్ తీసుకుంటే, సమన్లు అందిన రోజును మొదటి రోజుగా పెట్టుకోండి. మూడో రోజుకి పార్టీని కూర్చోబెట్టి ప్లెయింట్‌లోని ప్రతి పేరాకీ జవాబు, తేదీల జాబితా రాబట్టాలి. ఏడో రోజుకి మొదటి డ్రాఫ్టు. పదో రోజుకి సీనియర్ దిద్దుబాట్లు. పదిహేనో రోజుకి పార్టీ చదివి సంతకం. ఇరవయ్యో రోజుకి ఫైలింగ్. మిగిలిన పది రోజులు సమ్మెలకి, సెలవులకి, అబ్జెక్షన్లకి.

దిద్దడం మాత్రం జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకునే చేయాలి. ఒక ప్రోనోటు దావాలో వాది మూడో పేరాలో "5-3-2022న బ్యాంకు ద్వారా 5 లక్షలు ఇచ్చాను, ప్రతివాది ప్రోనోటు రాసిచ్చాడు" అన్నాడనుకోండి. జూనియర్ అలవాటు ప్రకారం "పేరా 3లోని ఆరోపణలన్నీ అబద్ధం, వాది గట్టిగా రుజువు చేసుకోవాలి" అని రాసుకొస్తాడు. దాన్ని మీరే కొట్టేసి మీరే కొత్తగా రాసేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది, అతను మాత్రం ఏమీ నేర్చుకోడు. పెన్ను కింద పెట్టి అడగండి: "డబ్బు ఖాతాలో పడిందా, లేదా?" "పడింది సార్." "మరి అబద్ధమని ఎలా రాశావు?" అప్పుడు పార్టీ చెప్పింది బయటికొస్తుంది. అంతకుముందు వాది తీసుకున్న చేబదులు తిరిగి ఇచ్చాడట, ఆ 5 లక్షలు అవట. అసలు డిఫెన్స్ అది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం సూటిగా కాదనకుండా తప్పించుకునే జవాబు రాస్తే ఒప్పుకున్నట్టే లెక్క. డబ్బు పడిందని ఒప్పుకుని, ఎందుకు పడిందో చెప్పి, ప్రోనోటు సంతకం గురించి విడిగా జవాబు రాయమనండి. ఇంకో గంటలో అతనే తిరగరాసుకొస్తాడు. ఇలా నాలుగు డ్రాఫ్టులు అయితే ఐదోది మీ దాకా వచ్చేసరికే సగం శుభ్రంగా ఉంటుంది.

తీర్పులు ఉదహరించేటప్పుడు ఒక కట్టుబాటు ఉండాలి. కోర్టు వెబ్‌సైట్‌లోనో రిపోర్టులోనో తీర్పు తెరిచి, పేరా నంబరు చదివి, ప్రింటు కట్టలో పెట్టనిదే డ్రాఫ్టులోకి రాకూడదు. కృత్రిమ మేధ పరికరాలు లేని తీర్పులను కూడా ఉన్నట్టే ఇస్తాయి. కింద సంతకం పడేది మీది.

నాలుగో అడుగు: కోర్టులో నిలబెట్టడం

మొదటి ఆరు నెలలు కాల్ వర్క్, ఫైలింగ్, ప్రాసెస్ (సమన్లు, నోటీసులు పంపించడం), కాపీలు. ఇది కూలిపని అనుకునే కుర్రాళ్లకి ఎందుకో చెప్పండి. సెక్షన్లలో కాగితం ఎలా కదులుతుందో తెలియని లాయరు జీవితాంతం గుమాస్తా మీదే ఆధారపడతాడు. తర్వాతి ఆరు నెలలు ఐఏలలో (దావా నడుస్తుండగా వేసే పిటిషన్లలో) కౌంటర్లు, చీఫ్ అఫిడవిట్లు (మన సాక్షి చెప్పేది రాసిన ప్రమాణ పత్రాలు). రెండో ఏడు చిన్న సాక్షుల క్రాస్, ఐఏ వాదనలు. మూడో ఏడు ఒక చిన్న దావా మొదటినుంచి తీర్పు దాకా తన చేతిమీద.

మొదటి క్రాస్‌కి ప్రోనోటు లేఖరి లాంటి సాక్షి మంచిది. పరిధి చిన్నది, ప్రశ్నలు లెక్కపెట్టుకోవచ్చు. జూనియర్ చేత మూడు గళ్ల కాగితం రాయించండి. సాక్షి నోట మనకి రావాల్సిన మాట, దానికి ఆధారమైన ఎగ్జిబిట్ (కోర్టు గుర్తు వేసిన పత్రం), అడిగే ప్రశ్న. ఎక్కడ రాశారు, ఏ వేళప్పుడు, ఎవరెవరున్నారు, రెవెన్యూ స్టాంపు ఎవరు తెచ్చారు. "ఎందుకు"తో మొదలయ్యే ప్రశ్నలన్నీ కొట్టించండి, అవి సాక్షికి కథ చెప్పుకునే అవకాశం ఇస్తాయి. చివర్లో మన కేసు సాక్షి ముందు పెట్టే సజెషన్లు ఉన్నాయో లేదో చూడండి. డిపాజిషన్‌లో (కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలంలో) "ఆ రోజు డబ్బు ఇవ్వలేదంటే నిజం కాదు" అనే లైను పడకపోతే వాదనల రోజు అవతలివారు అదే పట్టుకుంటారు. ముందు రోజు సాయంత్రం ఆఫీసులో ఇంకో జూనియర్‌ని సాక్షిగా కూర్చోబెట్టి అరగంట నడిపించండి.

కోర్టులో మీరు వెనక కూర్చోండి. లేవకండి. కేసుకి కోలుకోలేని దెబ్బ తగిలే ప్రశ్న వస్తే చిన్న చీటీ ముందుకు పంపండి. సీనియర్ ఒక్కసారి లేచి ప్రశ్న లాక్కుంటే ఆ పార్టీ ఇక ఎప్పటికీ ఆ జూనియర్‌ని లాయరుగా చూడడు.

ఐదో అడుగు: తప్పు పైకి చెప్పగలిగే ఆఫీసు

పార్టీ ఎదుట, కోర్టు హాల్లో, బార్ అసోసియేషన్ గదిలో తిట్లు తిన్న జూనియర్ ఒకటి నేర్చుకుంటాడు, తప్పు దాచడం. ఇంకే వృత్తిలోనైనా దాచిన తప్పు కొన్నాళ్లకు సర్దుకుంటుందేమో. మన వృత్తిలో దానికి రోజులు లెక్కపడుతూనే ఉంటాయి. వాయిదా మర్చిపోయానని ఆ మధ్యాహ్నమే చెబితే అదే రోజు పిటిషన్ పడుతుంది. రెండు నెలల తర్వాత తెలిస్తే 30 రోజుల గడువు పోను మిగిలిన ఆలస్యానికి సంజాయిషీ రాసుకోవాలి.

అందుకే ఆఫీసులో అందరికీ తెలిసేలా ఒక మాట పెట్టండి: ఇరవైనాలుగు గంటల్లో తానే వచ్చి చెప్పిన తప్పుకి తిట్టు లేదు, ముందు మందు వేస్తాం, తర్వాత ఎందుకు జరిగిందో మాట్లాడతాం. దాచిన తప్పుకి మాత్రం గట్టి మాటే. మొదటిసారి ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందో మిగతా నలుగురూ చూస్తుంటారు. ఈ నియమం నిలబడేదీ పడిపోయేదీ ఆ ఒక్క నిమిషంలోనే.

మహిళా జూనియర్ల విషయంలో వేళలు స్పష్టంగా ఉండాలి. రాత్రి తొమ్మిది దాకా కాన్ఫరెన్సులు పెట్టి, ఉండలేని వారికి పని తెలియదనడం అన్యాయం. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ట్రైనీలకి, అప్రెంటిస్‌లకి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. ఈ సంగతి చేరిన రోజే చెప్పాలి.

ఆరో అడుగు: డబ్బు

"నేర్చుకోవడానికి వచ్చావు కదా" అని ఏళ్ల తరబడి పెట్రోలు ఖర్చు కూడా ఇవ్వని ఆఫీసులో మంచి జూనియర్ నిలవడు. నిలిచేది ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లే. ఊరి నుంచి వచ్చిన మొదటి తరం లాయరు, రైతు కూతురు, ఇలాంటివారిని వృత్తి పోగొట్టుకుంటోంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు కనీసం మూడేళ్ల పాటు ఇవ్వాలని సూచించింది. అంత ఒక్కసారి ఇవ్వలేని ఆఫీసు ఇవ్వగలిగినంతతో మొదలుపెట్టి, ఆరు నెలలకోసారి ఎంత పెంచుతుందో ముందే రాసివ్వాలి. నెల ఐదో తేదీలోపు బ్యాంకులో పడాలి. జూనియర్ సొంత కేసులు పట్టుకోవచ్చా, ఏ వేళల్లో, తాను తెచ్చిన పార్టీ ఫీజులో వాటా ఎంత అనేది కూడా ఆ కాగితంలోనే ఉండాలి. లాయర్ల మధ్య వాటా సరే, లాయరు కానివారితో ఫీజు పంచుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

పార్టీ డబ్బు విషయంలో చనువు పనికిరాదు. అందిన ప్రతి రూపాయీ ఫీజుకా ఖర్చులకా అని విడిగా రాయాలని నిబంధనలు చెబుతున్నాయి. గుమాస్తా చేతికిచ్చే ఖర్చులకి చిన్న వోచర్ పెట్టండి. అది అనుమానంతో కాదు, ఆయన్ని అనుమానం నుంచి కాపాడటానికి. యాక్సిడెంట్ కేసుల్లో వచ్చే పరిహారంలో శాతం మాట్లాడుకునే అలవాటు ఎంత పాతదైనా అది వృత్తి దుష్ప్రవర్తనే. ఫీజు బాకీ ఉందని కట్ట పట్టుకు కూర్చోవడం కూడా కుదరదు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. కాబట్టి మొదటి రోజే ఒక పేజీ తెలుగు ఫీజు కాగితం ఇవ్వండి: ఏ దశ దాకా ఎంత, ఖర్చులు విడిగా, అప్పీలు ఇందులో లేదు.

ఏడో అడుగు: పార్టీకి కబురు

పార్టీలు లాయర్ని మార్చేది ఓడినందుకు కంటే ఫోన్ ఎత్తనందుకే ఎక్కువ. వాయిదా అయిన సాయంత్రం ఎనిమిదిలోపు ఆఫీసు ఫోన్ నుంచి సందేశం వెళ్లాలి. జూనియర్ సొంత ఫోన్ నుంచి కాదు, ఎందుకంటే అతను వెళ్లిపోయిన రోజు ఆ సంభాషణలన్నీ అతనితోనే పోతాయి. "నమస్కారమండీ. మీ ఓ.ఎస్. 112/2022లో ఈరోజు అవతలి సాక్షి రాలేదు. 28వ తేదీకి వేశారు. ఆ రోజు మీరు రానక్కర్లేదు. 25లోపు ఒరిజినల్ దస్తావేజు ఆఫీసులో ఇవ్వండి." రావాలా అక్కర్లేదా అన్న మాట మర్చిపోవద్దు. అరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి కోర్టు వరండాలో కూర్చునే మనిషికి అదే ముఖ్యం.

ఎనిమిదో అడుగు: వకాలత్‌లో రెండో పేరు, వారసత్వం

వకాలత్ సీనియర్ ఒక్కరి పేరు మీదే ఉంటే ఆయన మరణంతో అది ముగిసిపోతుంది. ఆయన సీనియర్ అడ్వొకేట్‌గా డిజిగ్నేట్ అయితే (కోర్టు ఆ హోదా ఇస్తే) ఇక వకాలత్ వేయలేరు. అందుకని కొత్త వకాలత్‌లన్నిటిలో కనీసం రెండు పేర్లు పెట్టండి, పాతవాటిలో ముఖ్యమైనవి వాయిదా వచ్చినప్పుడల్లా సరిచేయండి.

ఇంకో సున్నితమైన సంగతి. ఎనిమిదేళ్లుగా చేస్తున్న జూనియర్ ఉన్న ఆఫీసులోకి సీనియర్ గారబ్బాయో అమ్మాయో లా పూర్తిచేసి వస్తారు. ఎవరూ ఏమీ మాట్లాడరు. ఏడాదిలో ఆ జూనియర్ పది కట్టలతో బయటికి వెళ్లి ఎదురుగా బోర్డు పెడతాడు. సీనియర్ ద్రోహం అనుకుంటాడు, జూనియర్ అన్యాయం అనుకుంటాడు. మాట్లాడాల్సింది పిల్లలు రాకముందే. కొత్తగా వచ్చినవారు ఎవరైనా మొదటి ఆరు నెలలు కాల్ వర్కే చేస్తారని, పాత జూనియర్ దగ్గరే నేర్చుకుంటారని అందరి ముందూ చెప్పండి. పాత జూనియర్‌కి జీతం కాకుండా ఫీజులో వాటా ఇవ్వడం మొదలెట్టండి, బోర్డు మీద పేరు వేయండి. గుమాస్తా వయసులో పెద్దవాడైతే పిల్లలూ జూనియర్లూ ఆయన్ని "గారూ" అనే పిలవాలి.

తొమ్మిదో అడుగు: శనివారం సాయంత్రం

కోర్టు అయ్యాక ఐదున్నరకి నలభై అయిదు నిమిషాలు, గుమాస్తా, టైపిస్టుతో సహా. వచ్చే వారం వాయిదాలు, పది రోజుల్లో పడే గడువులు, రిటర్న్‌ల పుస్తకం, అరవై రోజులుగా కదలని కట్టలు, ఎవరి మీద బరువు ఎక్కువైంది. కేసుల మీద చర్చ ఇక్కడ వద్దు, మొదలైతే రెండు గంటలు పోతుంది. ఒక్కో వారం ఒక్కో జూనియర్ సమావేశం నడపాలి. సీనియర్ చివర్లో మాట్లాడాలి, ముందే మాట్లాడితే మిగతావారు తలూపడం తప్ప ఏమీ చేయరు.

మూడు నెలలు అయ్యాక ఒక మామూలు బుధవారం చూసుకుని సీనియర్ కోర్టుకి వెళ్లకుండా ఉండాలి, ఫోన్ ఇంట్లో వాళ్ల చేతికి ఇచ్చేయాలి. గురువారం పొద్దున డైరీ తెరిచి మూడు విషయాలు చూడండి: "సీనియర్ లేరు" అన్న కారణంతో అడిగిన వాయిదాలు ఎన్ని, సాయంత్రం సందేశం అందని పార్టీలు ఎందరు, ఆరింటిలోపు రాయని కాలమ్‌లు ఎన్ని. వచ్చిన అంకెలు ఎంతైనా శనివారం సమావేశంలో చదివి వినిపించి, వచ్చే నెలకి ఇంకో బుధవారం గుర్తు పెట్టుకోండి.